కంజా, కంజి

నాబిలోన్ అణువును ఇప్పటికీ కళ్లు మూసుకుని గీయగలను. గీసి ఏం లాభం? ఆ మందు మా అక్క నోటిదాకా చేరలేదు.

తొంభైల మొదట్లో నేను అంబత్తూరులో ఓ మాత్రల కంపెనీలో కెమిస్టును. పురసవాక్కంలోని మా ఇంట్లో అక్కకు కేన్సర్. రెండో విడత సూదిమందు ఎక్కించాక నాలుగు రోజులు మంచినీళ్లు కూడా కక్కేసింది. "మూడోదానికి నేను రాను పో. చావనైనా చస్తా గానీ ఈ వాంతులు నావల్ల కాదురా" అంది. మూడోది మానేస్తే గడ్డ మళ్లీ పెరుగుతుందని డాక్టరు ముందే చెప్పాడు.

కంపెనీ లైబ్రరీలో ఓ విదేశీ పత్రికలో ఈ నాబిలోన్ మందు గురించి చదివాను. మొక్కతో పనిలేదు, ప్రయోగశాలలోనే తయారవుతుంది. గంజాయిలోని మత్తు అణువుకు దగ్గరి చుట్టం. తోక కాస్త పొడుగు, ఒక మూల కీటోన్, అంతే తేడా. మెదడులో గంజాయి పట్టుకునే చోటునే పట్టుకుని వాంతిని ఆపుతుంది.

పరుగున పోయి డాక్టరుకు చూపించాను. "అదు కంజా మాదిరి మరుందు. ఇంగె కిడైక్కాదు" అన్నాడాయన తమిళంలో. గంజాయిలాంటి మందు, ఇక్కడ దొరకదు అని. నా వెంట వచ్చిన మా అమ్మకు కాస్త చెముడు. కంజా ఆమె చెవిలో కంజి, అంటే మన గంజి, అయింది. ఆ రోజు నుంచి మూడు పూటలా గంజి కాచింది. "డాక్టరే చెప్పినాడు కదే, కంజే మందని. తాగు తల్లీ!" సంగతి తెలిసిన అక్క నావైపు చూసి నవ్వింది, తాగింది, కక్కింది. అమ్మకు నిజం చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

అనుమతి లేని మందును రోగి కోసం తెప్పించుకోవాలంటే మందుల నియంత్రణ ఆఫీసులో దరఖాస్తు పెట్టాలి. వాంతుల మందు అని రాసి ఊరుకోవచ్చు కదా! గంజాయితో దాని చుట్టరికమంతా బొమ్మ గీసి మరీ వివరించాను. చదవేస్తే ఉన్న మతి పోయిందంటే ఇదే. గుమాస్తా మన తెలుగాయనే. "అయ్యో సార్, గంజాయని రాసేస్తే మేమెట్ట ముట్టుకునేది? మత్తుమందులోళ్ల ఆఫీసుకు పొండి, ఆడ చూస్తారు" అని కాగితం వెనక్కిచ్చాడు. అక్కడికి పోతే ఆ పేరే తమ జాబితాలో లేదు, అనుమతి ఇవ్వడం తమ పని కాదన్నారు.

మూడో సూది రోజు ఆటో వాకిట్లో నిలబడింది. "మందు తెస్తానంటివే, తెచ్చినావా?" అంది అక్క. దొరకలేదన్నాను. "అయితే ఇంక నన్ను బలవంతపెట్టొద్దు." ఆటోను నేనే పంపించేశాను.

సూదులు మానగానే వాంతులు ఆగాయి. నాలుగు మెతుకులు తిని "ఇప్పుడు హాయిగా ఉందిరా" అనేది. అక్క ఆషాఢం దాటలేదు.