బయటికెళ్లి మళ్లీ రండి

కరోనా రెండో ఏడాది. ఐర్లండ్‌లో, రింగాస్కిడీ మందుల ఫ్యాక్టరీలో నేను చేరి ఏడాదైనా, మా టీమ్ లీడ్ ప్రసాద్ ఒక్కరోజు కూడా నన్ను పలకరించిన పాపాన పోలేదు. పేరుకి తెలుగువాడే. జూమ్‌లో నా ముఖం కనబడగానే "ఫైలేది?" అనేవాడు. కుక్కనైనా పేరు పెట్టి పిలుస్తారు కదా!

తను వెళ్లాల్సిన ఘనా ప్రయాణం కూడా కరోనా భయంతో నా నెత్తిన రుద్దాడు. అక్కడి ఫ్యాక్టరీలో మొదటిరోజే స్టోర్స్ చూసే ఆకోసువా ఆంటీ దగ్గరికి పరుగెత్తి, "ఫిల్టర్లెక్కడ?" అన్నాను. ఆవిడ తలెత్తలేదు. మళ్లీ అడిగాను.

"మా దగ్గర ముందు మనిషిని పలకరిస్తారు. నేనేమైనా బీరువానా? బయటికెళ్లి మళ్లీ రా," అంది.

పదిమందిలో తల కొట్టేసినట్టయింది. అచ్చం ప్రసాద్‌లాగే అడిగానని అప్పుడు తెలిసింది. వెళ్లి, వచ్చి, గుడ్ మార్నింగ్ చెప్పాను. ఆవిడ నవ్వి, మా అమ్మ ఆరోగ్యం దాకా అడిగాకే ఫిల్టర్లిచ్చింది.

తిరిగొచ్చి ఇంట్లో క్వారంటైన్‌లో ఉండగా టీమ్ మీటింగ్.

"ఫైలేది?"

నేను కదల్లేదు.

"మ్యూట్‌లో ఉన్నావమ్మా!"

"లేనండీ," అని, అందరికీ అర్థమయ్యేలా ఇంగ్లీషులో చెప్పాను. "మీరొకసారి బయటికెళ్లి, మళ్లీ వచ్చి, గుడ్ మార్నింగ్ చెప్పండి."

ప్రసాద్ తెర మీంచి మాయమయ్యాడు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. నిమిషం తర్వాత తిరిగొచ్చి, "గుడ్ మార్నింగ్," అని గొణిగాడు.

"గుడ్ మార్నింగండీ. మా అమ్మ కూడా బాగానే ఉంది," అన్నాను.

ఆంటీ నేర్పింది మర్యాద. నేను తీర్చుకున్నది కక్ష. ఆవిడకి తెలిస్తే నన్ను మళ్లీ బయటికి పంపేది. వెళ్లేదాన్నే, కానీ నవ్వుకుంటూ!