ముందు అంటే ఎక్కడ?

రండి, దగ్గరికి జరిగి కూర్చోండి. అందరూ ఒకే మూల గుమిగూడకండి, సర్దుకుని కూర్చోండి. బరువు ఒకే వైపు చేరితే ఏమవుతుందో చెప్పడానికే మిమ్మల్ని పిలిచాను.

బంగారు గనులు మూతపడ్డాక రాబర్ట్‌సన్‌పేట నుంచి వెళ్లి బెంగళూరు విమానాశ్రయంలో లోడరుగా చేరాను. చదివింది నాలుగో తరగతి. ఎనిమిదేళ్లు పరాయివాళ్ల సూట్‌కేసులు మోశాక కంపెనీవారికి నేను విద్వాంసుడిలా కనబడ్డాను కాబోలు, పచ్చకోటు ఇచ్చి లోడింగ్ సూపర్‌వైజరును చేశారు. ఆ తరువాత వచ్చిన తొలి మామిడికాయల కాలంలో జరిగింది ఇది.

మా హోదాలు చెబుతాను. కింద లోడర్లు, వాళ్ల మీద నేను, నా మీద షిఫ్టు ఆఫీసరు. ఆయనది ఎండ తగలకూడని పదవి. ఏసీ గదిలో లోడ్ కంట్రోలరు ఉంటాడు. ఏ బరువు ఎక్కడ పెట్టాలో లెక్కగట్టి కాగితం పంపుతాడు. ఆ కాగితాన్ని నమ్మి జనాన్ని గాలిలోకి లేపేవాడు పైలటు. కాగితంలో ఉన్నట్టే సామాను ఎక్కించామని సంతకం పెట్టేవాణ్ణి నేను. అంటే అంత పెద్ద చదువులన్నీ చివరికి ఈ నాలుగో తరగతి సంతకం మీద ఎగురుతాయి.

విమానం పొట్టలో రెండు గదులుంటాయి. ఒకటి రెక్కకు ముందు, ఒకటి వెనక. ఎంత బరువన్నదే కాదు, ఎక్కడ బరువన్నది కూడా ప్రాణాల సంగతే. బేతమంగళ నుంచి మోపెడ్ వెనక పాలక్యాన్లు కట్టుకుని వచ్చేవాళ్లను చూసే ఉంటారు. క్యాన్లు ఎక్కువైతే ముందు చక్రం గాలిలోకి లేస్తుంది. మోపెడ్ అయితే కాలు ఆనిస్తారు. విమానం అలా ముక్కెత్తితే కాలు ఆనించేందుకు నేల ఉండదు.

ఆ ఉదయం ఢిల్లీ విమానానికి నూట ఇరవై మామిడిపెట్టెలు వచ్చాయి. కాగితంలో వాటిని ముందు గదిలో వేయాలని ఉంది. పక్క విమానం దగ్గర సామాను పైకెక్కించే బెల్టు ఆగిపోయిందని నన్ను పిలిచారు. వెళుతూ వెళుతూ రవణప్పతో "మామిడిపెట్టెలు ముందు వేయండప్పా" అని కేక వేశాను. రవణప్పది బైరకూరు. టమోటా లారీలు నింపి నింపి చేయి తిరిగినవాడు, మా దగ్గర చేరి వారమైంది.

తిరిగొచ్చేసరికి తలుపులు మూసి ఉన్నాయి. ఇంత త్వరగా పని ముగించారని మురిసిపోయి, తలుపు తెరిపించి చూడకుండానే సంతకం గీకేశాను. విద్వాంసుడిని కదా.

విమానం కదలడానికి కొద్ది నిముషాలు ఉందనగా దాని ముక్కు కింది చక్రపు కాలు మీద నా చూపు పడింది. అందులో తళతళలాడే ఉక్కు భాగం రోజూ కనిపించే దానికంటే ఎక్కువ బయటికి వచ్చింది. ముందు బరువు లేదన్నమాట. రవణప్పను కేకేశాను.

"రవణప్పా, పెట్టెలు యాడ పెట్నారు?"

"నువ్వు చెప్పినట్ల ముందే పెట్నాము కదన్నా."

"ముందంటే యాడ?"

"యాడంటే? అన్నిటికన్నా ముందు! బెల్టు ఉండే తలుపులోకి మొదట అవే ఎక్కించినాము. ఆమీద పట్టినన్ని బ్యాగులు. మిగిలిన నాలుగూ అవతలి గదిలో పారేసినాము."

బెల్టు ఉన్నది వెనక తలుపు దగ్గర. లారీ వాడికి ముందు అంటే మొదట. మాకు ముందు అంటే ముక్కు వైపు. మాట ఒకటే, తప్పు నాది.

షిఫ్టు ఆఫీసరు దగ్గరికి పరుగెత్తాను. ఆయన గడియారం చూసుకుని, "ఏమప్పా, మొత్తం బరువు సరిపోయింది కదా? ముందుంటే ఏమి, వెనకుంటే ఏమి, అంతా విమానంలోనే కదా ఉండాది? ఇంగ డిలే అయితే ఎవరి పేరు మీద రాసేది?" అన్నాడు. అంత సులువైన శాస్త్రం తెలియక లోకంలో ఎందరు ఇంజనీర్లు బుర్రలు పాడుచేసుకున్నారో పాపం.

"నా పేరు మీదే రాయండి సార్" అని, విమానాన్ని నెట్టే ట్రాక్టరుకు ఎదురెళ్లి తలపైన రెండు చేతులూ అడ్డంగా పెట్టాను. మాలో ఆపు అనడానికి అదే గుర్తు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ట్రాక్టరు ఆగింది. కింద ఉన్న ఇంజనీరు వైరు ఫోనులో పైలటుకు సంగతి చెప్పాడు. వెనక గదిలో ఎన్ని పెట్టెలున్నాయని పైలటు అడిగాడట. నూట ఇరవై అని చెబితే, అన్నీ దించి సరిగా వేసేదాకా కదిలేది లేదన్నాడట.

నలభై నిముషాలు పట్టింది. రవణప్ప ఒక్కో పెట్టె ఎత్తుతూ, "లారీకి ఇంత రోషం లేదన్నా" అని గొణిగాడు.

నెలలోపు నాకు మూడు పేజీల మెమో వచ్చింది. ఇంగ్లీషు కాబట్టి అందులో ఎంత తిట్టారో పూర్తిగా తెలియని అదృష్టం నాది. ఉద్యోగం మాత్రం ఉంచారు. ప్రమాదాన్ని సకాలంలో ఆపినందుకు ఆఫీసరుకు గోడకు తగిలించుకునే మెచ్చుకోలు పత్రం ఇచ్చారు. నిజానికి ఆయన ఆపబోయింది నన్ను, అదీ పత్రంలో రాసే ఉంటారు.

ఆ రోజు నుంచి మా ముఠాలో ముందు, వెనక అన్న మాటలు ఎత్తేశాను. ముక్కు గది, తోక గది, అంతే. చెప్పిన మాట అవతలివాడు తిరిగి చెప్పాలి. నా కళ్లతో లోపల చూశాకే తలుపు మూయాలి, తలుపు మూశాకే సంతకం. ఉద్యోగం ముగిసేదాకా ఇంతకంటే పెద్ద విద్య నాకు అబ్బలేదు.

మీ ఇంట్లోంచి బయలుదేరిన వాళ్లంతా చేరాల్సిన చోటికి చల్లగా చేరాలి, చేరామన్న కబురు మీ పొయ్యి మీద అన్నం ఉడికేలోపే మీకు అందాలి.