నొస్తున్నది అంటే వస్తున్నది కాదు

శ్రీశైలం అనే కుర్రాడు అశోక్‌నగర్ హాస్టల్లో నా గదిలోనే ఉండేవాడు. నేను ఏళ్ల తరబడి గ్రూప్స్‌కు చదువుతున్న రకం. అతను యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ ఆఖరి సంవత్సరం. ఎవరి ప్రింటర్ మొరాయించినా, ఎవరి హాల్‌టికెట్ డౌన్‌లోడ్ కాకపోయినా హాస్టల్లో అతన్నే పిలిచేవారు. "కంప్యూటర్ సదువుతున్నవ్, గిది రాదా?" అని పైగా ఎకసెక్కం. ప్రింటర్ బాగుచేయడానికి యూనివర్సిటీ దేనికని ఒక్కడికీ తోచదు.

అతని బాధ వేరు. ఊళ్లో ఉన్న వాళ్లమ్మ సమ్మక్కకు చదువు రాదు. పట్నంలో డాక్టర్ని చూడాలంటే ముందే ఫోన్లో టోకెన్ నంబర్ తీసుకోవాలి. దానికి ఎవరో ఒకర్ని బతిమాలాలి. అందుకని, మనిషి ఫోన్లో చెప్పుకుంటే విని నంబర్ ఇచ్చే కంప్యూటర్‌ను ప్రాజెక్టుగా ఎంచుకున్నాడు. అమ్మ తన నోటితో తానే అడగాలి, అంతే అతని కోరిక.

తయారయ్యాక మొదటి ఫోన్ ఆమెతోనే చేయించాడు.

"కడుపుల నొస్తున్నది" అంది సమ్మక్క.

"ఎవరు వస్తున్నారో చెప్పండి" అంది కంప్యూటర్.

"ఎవలొస్తలేరు బిడ్డా, కడుపుల నొస్తున్నది!"

"ఎవరూ రావడం లేదు. ధన్యవాదాలు." ఫోన్ కట్.

హాస్టలంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. శ్రీశైలం నవ్వలేదు. ఆ కంప్యూటర్ విని నేర్చుకున్నవన్నీ టీవీ వార్తలు, పుస్తకాలు చదివే గొంతులు. దానికి మా ఊళ్ల మాట వినిపించిన పాపాన ఎవరూ పోలేదు.

మావాళ్ల గొంతులే పోగుచేద్దామని ఇద్దరం చిక్కడపల్లి లైబ్రరీ బయట చాయ్ తాగే కుర్రాళ్ల దగ్గరికి వెళ్లాం. ఆదిలాబాద్ నుంచి పాలమూరు దాకా అన్ని జిల్లాలవాళ్లూ అక్కడే దొరుకుతారు. అప్పటిదాకా "ఏందిర భై, జర జరుగు" అంటున్నవాడు, నోటి దగ్గర ఫోన్ పెట్టగానే గొంతు సవరించుకుని, "నేను తీవ్రమైన ఉదర సంబంధిత సమస్యతో బాధపడుతున్నాను" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"మీ ఇంట్ల ఎవలన్న గట్ల మాట్లాడ్తర్రా?" అని అరిచాను.

"రికార్డింగ్ కదన్నా, మంచిగ మాట్లాడాలె కద!"

మంచిగా అంటే మనలా కాకుండా అని వీళ్లకు ఎవరు నూరిపోశారో! అందరిదీ అదే వరస. కొండను తవ్వి ఎలుకను పట్టాం. వాళ్లను తిడుతున్నాను గానీ, ఇది రాస్తున్న నా తెలుగు మాత్రం ఎవరిది?

ఇంకొంత గడువిస్తే ఊళ్లు తిరిగి మాటలు పోగుచేస్తానని శ్రీశైలం గైడు సూర్యనారాయణమూర్తి గారిని అడిగాడు. "యాసలకు అంతెక్కడయ్యా? ముందు ప్రామాణిక భాష కానీ, మిగతావి తర్వాత చూద్దాం" అన్నారాయన. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆ 'తర్వాత' మేం తాతల కాలం నుంచీ వింటున్నాం.

ప్రాజెక్టు పరీక్ష రోజు నేనూ వెళ్లాను. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ల ముందు శ్రీశైలం పంతం పట్టి అమ్మచేతే ఫోన్ చేయించాడు. కంప్యూటర్ తప్పుగా వింటే విననీ, తప్పు ఎవరిదో అందరూ వినాలని అతని పట్టుదల. స్పీకర్లో సమ్మక్క గొంతు మాటా మాటా కూడబలుక్కుంటూ వచ్చింది.

"నాకు... కడుపులో... నొప్పిగా ఉందండీ."

కంప్యూటర్ వెంటనే నంబర్ ఇచ్చేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. "చూశావా, ఎంత బాగా పనిచేస్తోందో! అనవసరంగా కంగారుపడ్డావు" అని మూర్తి గారు అతని భుజం తట్టారు. నాకైతే ఆ చప్పట్లు కొట్టే చేతులు పట్టుకుని ఆపాలనిపించింది.

శ్రీశైలం వరండాలోకి వచ్చి అమ్మకు ఫోన్ కలిపాడు.

"నమస్కారమండీ, చెప్పండీ" అంది సమ్మక్క భయంభయంగా.

"అమ్మా, నేనే. శ్రీశైలంని. కంప్యూటర్ కాదే" అన్నాడు.

"నువ్వా బిడ్డా?" అందామె. "అయితే ఇగ నా మాట మాట్లాడొచ్చునా?"