జీపు కింద పెంక

జీపుకు వెనక రెండు చక్రాల నడుమ ఒక గుండ్రటి ఇనుప డొల్ల ఉంటుంది. లోపల పళ్ల చక్రాలు, నూనె. దాని అసలు పేరు డిఫరెన్షియల్ అట. సర్కారు జీపు తోలే మా ఆయన నోట్లో పడి అది ‘డిప్పరేషాన్’ అయింది. నా కాపురంలో అది చేసిన నిర్వాకం చూస్తే ఆ పేరే సరైంది.

అప్పుడు మేం నిర్మల్‌లో ఉండేవాళ్లం. అడవి ఊళ్లకు రోడ్లు వేయాలని కొలతలు తీసే సారును మా ఆయన రోజూ తిప్పేవాడు. దారులంటే ఏం దారులు, ఎడ్లబండి జాడలు, నడుమ ఎత్తుగా బండలు. చక్రాలు జాడలో దిగితే ఆ డొల్ల పోయి బండకు తగిలేది. ఒక్క ఎండాకాలంలోనే రెండుసార్లు పగిలి నూనె కారింది. రెండుసార్లూ జీపును ఎడ్లు లాక్కొచ్చాయి. మూడోసారి పగిలితే తాళంచెవి తీసుకుని గేటు దగ్గర స్టూలు మీద కూర్చోబెడతానన్నాడు సారు.

మర్నాడు పొద్దున జొన్నపిండి పిసికి చూద్దును కదా, పొయ్యి మీద పెంక లేదు. మా అవ్వ, అంటే మా అమ్మ, మంథనిలో కమ్మరి పక్కనే కూర్చుని కొట్టించి, నా పెళ్లికి ఇచ్చిన మందపాటి ఇనుప పెంక అది. దాని మీద వేసిన రొట్టె పొంగకపోవడం నేనెరగను.

“పెంకేదయ్యా?” అన్నాను.

“జీపు కిందున్నది.”

కొంగు బిగించి జీపు కిందకు దూరాను. ఇనుప పట్టీలతో ఆ డొల్లకు అడుగున కట్టేసి ఉంది నా పెంక.

“గది మా అవ్వ ఇచ్చింది! బండలకేసి కొడ్తవా?”

“జర ఓపిక పట్టవే. పొయ్యి మీదుంటె రొట్టె కాల్తది. జీపు కిందుంటె రొట్టె వస్తది.”

ఆ మాట నిజమే. అందుకే ఇంకా కోపం వచ్చింది. సంత నుంచి పల్చటి పెంక ఒకటి తెచ్చిచ్చాడు. దాని మీద రొట్టె నడుమ మాడేది, అంచులు పచ్చిగా ఉండేవి. మాడింది గీకేసుకుని తినేవాడు. బతుకమ్మకు అవ్వ వస్తుంది, రాగానే పొయ్యి దగ్గరికే పోతుంది, ఏం చెప్పాలన్నదే నా దిగులంతా. రోజూ సాయంత్రం జీపు రాగానే కిందికి దూరి పెంకను చూసుకునేదాన్ని. పక్కింటామె అది చూసి, నాకు గాలి సోకిందనుకుని దిష్టి తీయడానికి నిమ్మకాయలు ఇచ్చింది. వాటితో తొక్కు పచ్చడి పెట్టాను.

అడవిలో ఇంకో తమాషా. బండ తగిలినప్పుడల్లా పెంక ఠంగుమనేదట. ఒక ఊళ్లో ఆ చప్పుడు విని, చిల్లులు పడ్డ గిన్నెలకు మాట్లు వేసేవాడు వచ్చాడని ఆడవాళ్లంతా జీపు చుట్టూ మూగారట. “నేను రోడ్డు కొలవనీకి వచ్చిన” అని సారు మొత్తుకుంటే, “కొలుద్దువు గని, ముందుగాల గీ గిన్నె చూడు బిడ్డా” అని ఒక ముసలామె చేతిలో పెట్టిందట.

వానలు పడి తిరుగుడు ఆగాక, మా ఆయన పెంకను వీపు వెనక దాచి తెచ్చాడు.

“డిప్పరేషాన్ మీద గీత గూడ పడలే,” అన్నాడు.

ఎలా పడుతుంది? గీతలన్నీ పెంక మీదే ఉన్నాయి. బండలు కింది నుంచి గుద్దీ గుద్దీ దాన్ని ఆ డొల్లకు అదిమేసి, అచ్చంగా డిప్పను చేశాయి. నట్ల గుర్తులు కూడా గుంటలుగా దిగాయి. రొట్టె వేస్తే జారి అడుగున ముద్దయింది. ఏడ్చాను.

అవ్వ రానే వచ్చింది. నేరుగా పొయ్యి దగ్గరికే పోయింది.

“పెంకేది బిడ్డా?”

దాచి లాభం లేదని చేతికిచ్చి, జరిగిందంతా చెప్పాను. తిప్పి చూసింది. నట్ల గుర్తులు వేలితో తడిమింది. మా ఆయన మెల్లగా గడప దాటబోయాడు.

“పోకు అల్లుడా, కూసో,” అంది.

బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, ఉల్లాకు, కారం కలిపింది. ఆ డిప్పలో అద్ది, వేలితో బొక్కలు పెట్టి, నూనె చుక్కలు వేసి మూత పెట్టింది. సర్వపిండి! గుండ్రటి అడుగున్న సర్వలో చేయాల్సిన అప్ప. నా సర్వలో ఏనాడూ అంత కరకరలాడుతూ రాలేదు.

అవ్వ ఒక ముక్క కొరికి, “అల్లుడు మంచిగ కొట్టిచ్చిండు,” అంది. నా పెళ్లయ్యాక ఆమె ఆయన్ను మెచ్చుకోవడం అదే మొదటిసారి. నాకు మళ్లీ ఏడుపొచ్చింది, ఈసారి నవ్వుతో కలిసి.

పండుగ దాటాక బస్సెక్కుతూ నన్ను దగ్గరికి పిలిచింది.

“మల్ల ఎండకాలం జీపు తిరుగుతది గదా? నా పెంక గూడ పంపిస్త, కిందికి కట్టుమను. జర చిన్న బండల మీద తోలుమను, నాది పాతది.”