బొట్టు పెట్టిన రాగి బిళ్ళ

మా పని వింటే ఎవరికైనా నవ్వొస్తుంది. గాలి తీసేసిన డబ్బాలో రాగి బిళ్ళ బిగించి, దానికి వేల వోల్టులు పెట్టి, లేజర్‌తో కొడతాం. ఆ దెబ్బకు ఎలక్ట్రాన్లు లేస్తాయి. ఆ బిళ్ళలు కణాలను పరుగెత్తించే పెద్ద యాక్సిలరేటర్లకు పోకముందే, ఎలక్ట్రాన్లు చెప్పినప్పుడే వస్తున్నాయా అని నిజామాబాద్‌లోని మా చిన్న ల్యాబులో పరీక్షిస్తాం. బిళ్ళ అద్దంలా ఉండాలి. గీతలు పడ్డాయా, లేజర్ వెయ్యకముందే ఎలక్ట్రాన్లు కారిపోతాయి.

దసరా కాగానే పరీక్ష చూడ్డానికి పెద్దసార్లు వస్తామన్నారు. పాసైతే నా కాంట్రాక్టు నౌకరీ సాగుతుంది, లేకపోతే ఇంటికే. హైదరాబాద్‌లో పాలిష్ చేయించిన బిళ్ళ తెచ్చేసరికి దసరా సెలవులని ల్యాబుకు తాళం. బోధన్‌లోని మా ఇంటికి పట్టుకుపోయి, "దీని మీదనే నా నౌకరి ఉన్నది బాపూ" అంటూ బీరువాలో పెట్టాను. నా నోరు ఊరుకోదు కదా!

బాపు చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టర్. అది మూతపడి ఏళ్లయినా, దసరానాడు పానాలకూ సుత్తెలకూ బొట్టు పెట్టనిదే అన్నం ముట్టడు. నేను స్నానం చేసి వచ్చేసరికి వాటి పక్కన నా బిళ్ళ! చింతపండు, ఉప్పు వేసి పీచుతో తోమి, పసుపు కుంకుమ పెట్టి, ముందర నిమ్మకాయ కూడా ఉంచాడు.

"అయ్యో, ఎంత పని జేసినవ్ బాపూ!"

"మంచిగనే మెరుస్తుండె, ఇంకింత మెరవాలని తోమిన బిడ్డా. బొట్టు వెట్టకుంట మిషిన్ల ఎట్ల వెడ్తరు?"

ఒళ్లు మండిపోయింది. ల్యాబులో ఎన్నిసార్లు కడిగినా పసుపు పోయింది గానీ గీతలు పోలేదు. వేరే బిళ్ళ లేదు. దాన్నే బిగించాం.

పెద్దసార్లు వచ్చారు. వోల్టేజీ పెంచగానే ఎలక్ట్రాన్లను కొలిచే మీటరు ముల్లు లేచింది.

"లేజర్ బాగా పనిచేస్తోందే" అన్నాడొకాయన.

"ఇంకా వెయ్యలేదు సార్" అన్నాను.

పిలవని పేరంటానికి వచ్చినట్టు వచ్చిపడుతున్నాయి ఎలక్ట్రాన్లు. సార్లు టీ తాగి వెళ్లిపోయారు. కాంట్రాక్టు ఇక పొడిగించబోమని సాయంత్రానికే చెప్పేశారు.

బిళ్ళ విప్పుకుని ఇంటికి వచ్చేసరికి బాపు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"నడిచిందా బిడ్డా?"

"మస్తు నడిచింది. లేజర్ గూడ అక్కర పడలే."

"సూసినవా, బొట్టు మహిమ! అయితే నౌకరి పక్కానేనా?"

బిళ్ళ మీది గీతలు చూపించి అడ్డంగా తలూపాను. బాపు నా చేతిలోని బిళ్ళ తీసుకుని వెలుతురుకు పట్టాడు. గీతల మీద బొటనవేలితో నిమిరాడు.

"ఫ్యాక్టరీ మూసిన ఏడాది గూడ అన్ని మిషిన్లకు నేనే బొట్టు వెట్టిన బిడ్డా" అన్నాడు.