సంతకం గడిలో దారపు ముడి

మొన్న పొద్దున మా కాలేజీ నుంచి మేడం వచ్చింది. నేను రిటైరయ్యాక ఇంటర్న్‌షిప్ బాధ్యత ఆమె మీద పడింది. కొత్త లాగ్‌బుక్ నమూనా తెచ్చి, ప్రెస్సుకు ఇచ్చేముందు ఒకసారి చూడమంది. అక్షరదోషాలు పట్టడంలో నాకు జగిత్యాలలో కొంత పేరుంది. ఆ పేరు నిలబెట్టుకుందామని ఎర్ర పెన్ను తీసుకుని కూర్చున్నాను. తేదీ గడి, పని వివరం గడి బాగానే ఉన్నాయి. చివరి గడి దగ్గర పెన్ను ఆగింది. పని నేర్పినవారి సంతకం, లేదా వేలిముద్ర, లేదా పనిచోట దిగిన ఫోటో అని ఉంది అక్కడ. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాను. సంతకం రానివాళ్ల దగ్గర పని నేర్చుకునే పిల్లలే మనకు ఎక్కువ కదా సార్, అందుకే మార్చామని మేడం చెప్పింది. పాత బ్యాచ్‌లలో ఇంటర్న్‌షిప్ క్రెడిట్లు ఆగిపోయినవాళ్లకు కూడా ఇంకో ఏడాది అవకాశం ఉందట. బాగుందమ్మా అన్నాను. ఆమె వెళ్లిపోయాక చాయ్ ముట్టుకోకుండా అలాగే కూర్చున్నాను.

డిగ్రీ పిల్లలు ఎక్కడో ఒకచోట ఇన్ని గంటలు పని నేర్చుకోవాలి, రోజూ లాగ్‌బుక్‌లో సంతకం పెట్టించుకోవాలి, అప్పుడే క్రెడిట్లు వస్తాయి అన్న నిబంధన వచ్చిన కొత్తలో ఆ బాధ్యత ఎవరూ తీసుకోలేదు. చివరికి కాదనడం చేతగాని నా నెత్తిన పెట్టారు. మా ఊళ్లో కంపెనీలు ఎక్కడివి? రైస్ మిల్లులు, విత్తనాల దుకాణాలు, మందుల షాపులు. పిల్లలు రెండు నెలలు వెతికి, చివరికి కోరుట్లలో ఒక కంప్యూటర్ సెంటర్‌ను కనిపెట్టారు. ఇరవై మందికి పైగా అక్కడి నుంచే సర్టిఫికెట్లు తెచ్చారు. అన్నిట్లో ఒకటే చేతిరాత, ఒకటే తేదీ, పొల్లు పోకుండా ఒకటే పొగడ్త. ఆ సెంటర్లో ఇరవై కుర్చీలు ఉంటాయా అని స్టాఫ్ రూములో నేనే జోక్ చేసి అందరినీ నవ్వించాను. నవ్వించి అన్నిటి మీదా సంతకం చేశాను. అడిగిన చోట గుండ్రటి సీలు కనిపిస్తే చాలు, నా ప్రాణం కుదుటపడేది.

ఆ బ్యాచ్‌లోనే నా చెల్లె బిడ్డ ఉండేది. చెల్లెను సిరిసిల్లలో ఇచ్చాం. బావ సాంచలు నడుపుతాడు. మరమగ్గాలను అక్కడ సాంచలనే అంటారు. పిల్ల బీకాం మా కాలేజీలో చేరి మూడేళ్లు మా ఇంట్లోనే ఉంది. ప్రతిదీ లెక్క చూసే గుణం దానిది. నేను స్నానానికి ఎన్ని నిమిషాలు తీసుకుంటానో, మా ఆవిడ చింతపండు చారులో ఎన్ని మిరపకాయలు వేస్తుందో దాని దగ్గర లెక్క ఉండేది. ఇంట్లో మామ అనొచ్చు, కాలేజీలో సార్ అనాలి అని మొదటి రోజే గట్టిగా చెప్పాను. ఒకసారి క్లాసులో హాజరు పిలుస్తుంటే నిద్రమత్తులో "ఉన్న మామా" అనేసింది. యాభై మంది పిల్లలూ పగలబడి నవ్వారు. నేను ముఖం గంటు పెట్టుకుని, ఆ నవ్వంతా దాచుకుని ఇంటికి తెచ్చి మా ఆవిడ ముందు నవ్వాను.

అది కోరుట్లకు పోలేదు. సెలవుల్లో ఇంటికి పోయి వాళ్ల వాడలో వైపని చేసే ముసలాయన దగ్గర చేరింది. సాంచ మీద భీముకు, అంటే పెద్ద ఇనుప రోలుకు, చుట్టిన నూలు అయిపోతే కొత్త భీము ఎక్కిస్తారు. పాత పోగుల చివరలకు కొత్త పోగుల చివరలను ఒక్కొక్కటిగా చేత్తో కలపాలి. ఆ వేల పోగులు కలిపే పనే వైపని. అది అయ్యేదాకా సాంచ ఆగుతుంది, నడిపేవాడి కూలీ కూడా ఆగుతుంది. ఆ ఆగిన గంటల నష్టం ఎవరి మీద పడుతుందో రాస్తానంది నా మేనకోడలు. ఆ ముసలాయన ఎవరికీ చుట్టం కాదు, వాడంతటికీ తాత. దాని పని నాకు ముచ్చటేసింది. హైదరాబాదులో ఒక ట్రస్టు ఆ ఏడాది దాన్ని ఎంపిక చేసింది. పీజీ రెండేళ్లూ ఫీజు, హాస్టలు వాళ్లవే. అన్ని క్రెడిట్లూ మొదటి విడతలోనే రావాలన్నది ఒక్కటే షరతు. ఆ దరఖాస్తు నా చేతులతో నేనే నింపాను.

లాగ్‌బుక్ తెచ్చి నా బల్ల మీద పెట్టిన రోజు కాలేజీలో ఎవరి గొడవలో వాళ్లున్నారు. తెరిచి చూశాను. అంత శ్రద్ధగా రాసిన లాగ్‌బుక్ నేను అంతకు ముందు చూడలేదు, ఆ తరువాతా చూడలేదు. ఏ రోజు ఏ షెడ్డులో ఎన్ని పోగులు కలిపారో, తాత చూపు ఆననప్పుడు తను ఎన్ని అందించిందో అన్నీ రాసింది. సంతకం గడిలో మాత్రం సంతకం లేదు. ప్రతి గడిలో సూదితో కుట్టిన చిన్న తెల్ల దారం, దానికి ఒక ముడి. తాతకు సంతకం రాదట. వేలిముద్ర పెట్టమంటే ఒప్పుకోలేదట. ఆయన జన్మలో వేలిముద్ర పెట్టింది అప్పు కాగితాల మీదే. పిల్ల చదువు కాగితం మీద ఆ చెడ్డ గుర్తు పెట్టనన్నాడట. ఆ వాడలో తెగిన పోగుకు వేసే ముడి చూసి అది ఎవరి చేయో చెప్పేస్తారు. అందుకని రోజూ పని అయ్యాక తన ముడి వేసి ఇచ్చాడు.

"ఇది నడవది బిడ్డా. సంతకం గావాలె, సీలు గావాలె" అన్నాను.

"మామా, ఒక్కసారి సిరిసిల్లకు రా. గా ముడి ఎవ్వలకన్న సూపియ్యి, తాతదే అంటరు."

"ఇక్కడ సార్ అను" అన్నాను.

ఆ మాట నా నోట ఎందుకు వచ్చిందో ఇన్నేళ్లుగా వెతుక్కుంటున్నాను. సొంత మేనకోడలికి దారం ముక్క చూసి క్రెడిట్లు ఇచ్చాడని స్టాఫ్ రూములో ఎవరో అంటారని భయపడ్డాను. నిజానికి ఎవరూ అనలేదు, అననే లేదు. కోరుట్ల సర్టిఫికెట్లు అదే బల్ల మీద, నా సంతకంతోనే ఉన్నాయి. సిరిసిల్లకు బస్సులో ఒక పూట ప్రయాణం. చెల్లెను చూడ్డానికి ఎన్నోసార్లు పోయిన దారే. పోలేదు. సీలు తెచ్చుకోవడానికి నాలుగు రోజులు గడువిచ్చి, న్యాయంగా నడుచుకున్నానని అనుకున్నాను.

అది సాంచల షెడ్డు యజమాని, ఒక సేటు దగ్గరికి పోయింది. తాత నా మనిషి కాదు, భీముకింత అని పది షెడ్లలో చేసుకునే మనిషి, ఆయన పనికి నేను సీలెట్ల కొట్టాలె అన్నాడట. అతన్ని తప్పుపట్టలేను. ఇంకో ఇద్దరు సేట్లూ అదే మాట అన్నారు. నాలుగో రోజు సాయంత్రం దాకా నేను ఆఫీసులో కూర్చున్నాను, అది రాలేదు. మెమోలో ఇంటర్న్‌షిప్ ఎదురుగా సున్నా వచ్చింది. ట్రస్టు వాళ్లు ఇంకొకరిని తీసుకున్నారు. ఆ ఇంకొకరు కోరుట్ల సర్టిఫికెట్ల వాళ్లలో ఎవరైనా ఏమో, కనుక్కోవడానికి నాకు ధైర్యం చాలలేదు. చెల్లె ఫోన్ చేసింది. "అన్నా, పొల్ల పని జేసింది నిజమే గద?" అంది. నిజమేనన్నాను. "మరేంది?" అంది.

మరుసటి ఏడాది, ఆ క్రెడిట్లు మళ్లీ తెప్పిద్దామని కొత్త లాగ్‌బుక్ పట్టుకుని నేనే సిరిసిల్ల పోయాను. అప్పటికే అది బట్టలు కుట్టే షెడ్డులో పనికి కుదిరింది. కోపంగా ఉంటుందనుకున్నాను, నాలుగు మాటలు పడదామనే పోయాను. అది నవ్వుతూ వచ్చి గ్లాసు నా చేతికిచ్చింది. "చాయ్ తాగుండ్రి సార్" అంది. చెల్లె గిన్నె కడుగుతున్నదల్లా ఆగి మా ఇద్దరి వంకా చూసింది. ఎత్తిపొడుపు కాదది. అలవాటైన పిలుపులాగే వచ్చింది, అందుకే తట్టుకోలేకపోయాను. లాగ్‌బుక్ సంచిలోంచి తీయనేలేదు.

మొన్న మేడం వెళ్లాక మేనకోడలికి ఫోన్ చేశాను. వెనక కుట్టుమిషన్ల మోత. "బిడ్డా, గిప్పుడు ఫోటో ఉన్నా నడుస్తదట. తాతతోని ఒక్క ఫోటో దిగి పంపు, మిగతాది నేను జూసుకుంట" అన్నాను.

"తాత పోయి ఏడాదైతుంది సార్" అంది. "మీకు చెప్పలేదేమో అమ్మ" అంది. పని మధ్యలో ఉన్నానని మెల్లగా ఫోన్ పెట్టేసింది.

బీరువాలోంచి పాత లాగ్‌బుక్ తీశాను. తిరిగి అడగాలని మేనకోడలికి గానీ, ఇవ్వాలని నాకు గానీ ఎప్పుడూ తోచలేదు. కాగితం పసుపు పట్టింది, సిరా వెలిసింది. ముడులన్నిటినీ ఒక్కొక్కటిగా వేలితో తడిమి చూశాను, ఒక్కటీ వదులు కాలేదు. పక్కనే మేడం వదిలిపోయిన కొత్త నమూనా ఉంది. ఆ ఒక్క గడి మారడానికి నాలుగేళ్లు పట్టింది. నా చెల్లె బిడ్డకు నేనిచ్చింది నాలుగు రోజులు.