డబ్బాలో మిగిలిన పప్పన్నం

సహోదరులారా, సహోదరీలారా, సాక్ష్యం చెప్పేవాళ్లు లేచి నిలబడతారు, నేను మాత్రం ఈ చక్రాల కుర్చీలోంచే చెబుతాను. మా బ్లెస్సీకి ఇంకా మాటలు రాని రోజుల్లో, కొండాపూర్‌లో స్కూటర్ మీద వెళ్తుంటే వెనకనుంచి కారు గుద్ది నాకు నడుము నుంచి కిందికంతా చచ్చుబడిపోయింది, అప్పటినుంచి ఇంట్లో కూర్చునే ఆఫీసు పని చేసుకుంటున్నాను. పిల్ల పరుగెత్తితే వెనక పరుగెత్తలేను, పడితే ఎత్తలేను, స్నానం చేయించాలంటే బకెట్ తనే నా దగ్గరకు లాక్కురావాలి. నేను తల్లినా, ఇంట్లో పడి ఉన్న సామాన్నా అని ఏడ్చిన రోజులు చాలా ఉన్నాయి.

మీరంతా నా కోసం ప్రార్థించారు, నూనె రాశారు, చేతులు పట్టి నిలబెట్టారు, ప్రతిసారీ కూలబడ్డాను. విశ్వాసం చాలలేదేమో అన్నారు కొందరు. నేనూ పంతం పట్టి శుక్రవారాలు ఉపవాసం ఉన్నాను. ఎందుకు తినడం లేదని బ్లెస్సీ అడిగితే, పస్తుండి అడిగితే ప్రభువు కాదనడమ్మా, మమ్మీ లేచి నడుస్తుంది అని చెప్పేదాన్ని.

ఒకరోజు మధ్యాహ్నం బడినుంచి ఫోన్ వచ్చింది. ఒకటో తరగతి చదివే నా బిడ్డ కళ్లు తిరిగి పడిపోయిందట, పక్కనున్న దవాఖానకు తీసుకెళ్లారట. మా ఆయన డ్యూటీలో ఉండి ఫోన్ ఎత్తలేదు. మా ఇల్లు మొదటి అంతస్తులో, లిఫ్టు లేదు. కుర్చీ వదిలేసి, చేతుల మీద ఒళ్లు ఈడ్చుకుంటూ మెట్లన్నీ కూర్చునే దిగాను, మోచేతులు చెక్కుకుపోయాయి. వాచ్‌మన్ భార్య యాదమ్మ చూసి ఉరికొచ్చింది.

"అయ్యో అక్కా, జర ఆగు. ఆటో పిలుస్త, నిన్ను నేనే ఎత్తి కూసోబెడ్త."

అన్నట్టే ఎత్తి కూర్చోబెట్టి, తనూ ఎక్కింది. దారంతా నాది ఒకటే ప్రార్థన: "ప్రభువా, నా కాళ్లు నీ దగ్గరే ఉంచుకో, నా బిడ్డను నాకివ్వు."

అక్కడ బిడ్డకు సెలైన్ ఎక్కుతోంది. దాని బడి సంచిలో డబ్బా తీసి చూస్తే, పొద్దున నేను కలిపి పెట్టిన పప్పన్నం మెతుకు కదలకుండా ఉంది. మిగతా రోజుల్లో అన్నం పక్కపిల్లలకు పెట్టేసేదని టీచరు చెప్పింది, పొద్దుటి పాలు సింకులో పారబోసేదని తర్వాత తనే ఒప్పుకుంది, నా కుర్చీ సింకు దాకా పోదని దానికి తెలుసు.

యాదమ్మ నన్ను మంచం అంచున కూర్చోబెట్టింది. బ్లెస్సీ కళ్లు తెరిచి నా ముఖం చూడలేదు, నా కాళ్ల వైపే చూసింది.

"మమ్మీ, ఇంకా లేవలేదా? నేను తినట్లేదు కదా."

ఆ కారు గుద్దినప్పుడు కూడా నాకంత నొప్పి కలగలేదు. యాదమ్మ ఇడ్లీ తెస్తే తుంచి నోట్లో పెట్టాను, నా చేతులకు ఏ లోపమూ లేదు కదా, బిడ్డ తిన్నది. కాళ్లు వస్తేనే తల్లిని అనుకుని ఇన్నేళ్లు మోసిన బరువు నుంచి దేవుడు నన్ను అక్కడే విడిపించాడు, దేవునికే మహిమ.

ఇప్పటికీ కంచం ముందు కూర్చుని, "తింటే నీకేం కాదు కదా మమ్మీ" అని అడుగుతుంది, నేను మొదటి ముద్ద తిన్నాకే తను తింటుంది.

జవాబు రాలేదని కుమిలిపోతున్న వాళ్లెవరైనా ఉంటే, ఆయన్ను నమ్మండి, నడిపించకపోయినా ఆయన వదిలిపెట్టడు. ఇవాళ ఆరాధన అయ్యాక నా కాళ్ల మీద చేతులుంచి ప్రార్థించాలనుకునే వాళ్లకు నాదొక మనవి. ముందు భోజనాల దగ్గర మా బ్లెస్సీ పక్కన కూర్చుని, దాని కళ్ల ముందు కడుపునిండా తినండి. ఆమేన్.